గడువు మీరిన విచారణలు – శాసనసభల విధి

ప్రజల యెడల ఘోరమైన అపచారము జరిగినప్పుడెల్ల ప్రభుత్వములు పలుకు మాట ఒక్కటే: విచారణ జరిపింతుమని. ఆ మాట పలుకుట సులభము. దానితో ఆనాటి ఆగ్రహము కొంత చల్లారును; పత్రికలు మరియొక విషయమునకు మరలును. అటుపిమ్మట విచారణ ఎన్నడు ముగియును, నివేదిక ఎవరి చేతికి వచ్చును, దానిపై ఏమి చేయుదురు అను మూడు ప్రశ్నలు మిగులును. దినములు గడచినకొలది వీనిని అడుగువారు తగ్గిపోవుదురు. చివరకు అడుగువారు బాధితులు మాత్రమే అగుదురు. వారి గొంతుక రాజధానికి వినబడదు. ఈ ప్రశ్నలను ప్రజల పక్షమున అడుగుటకే పార్లమెంటును శాసనసభలును ఏర్పడినవి. ఆ విధి ఎంతవరకు నెరవేరుచున్నదో నేడు విచారింపదలచితిమి.

హూడి నుండి రెండు దారులు

బెంగుళూరు తూర్పు కొసనున్న హూడి ఒకప్పుడొక పల్లె. నేడది వైట్‌ఫీల్డు కంపెనీలలో ఉద్యోగము చేయు వేలకొలది తెలుగువారికి నివాసస్థానము. 2023వ సంవత్సరము మార్చిలో మెట్రో రైలు ఈ ప్రాంతమునకు వచ్చినది. ఆ అక్టోబరులో కృష్ణరాజపురము, బయ్యప్పనహళ్లి నడుమ మిగిలిన తునక పూర్తియై నగరముతో ముడిపడినది. హూడిలో బండి ఎక్కినవారు మరల బండి మారకయే విధానసౌధ వద్ద దిగవచ్చును. అచట వీధికి ఒక ప్రక్క శాసనసభ, మరియొక ప్రక్క హైకోర్టు. చట్టములు చేయు ఇల్లును, చట్టము చొప్పున తీర్పు చెప్పు ఇల్లును ఒకదానినొకటి చూచుచు నిలిచియున్నవి.

హూడి నుండి తూర్పునకు పోవు దారియు కలదు. అది హోసకోట మీదుగా చింతామణికి చేరును. ఆ తాలూకా కర్ణాటకములోనిదైనను అచటి పల్లెలలో తెలుగు విననివారుండరు. ఆ తాలూకాలోనిదే కంబాలపల్లి. 2000వ సంవత్సరము మార్చి 11వ తేదీ రాత్రి ఆ గ్రామములో ఏడుగురు దళితులు ఇంటిలోనుండగానే నిప్పునకు ఆహుతియైరి. దేశమంతయు నివ్వెరపోయినది. మంత్రులు వచ్చిరి, పరిహారములు ప్రకటించిరి, దోషులను విడువబోమని చెప్పిరి. ఆరు సంవత్సరములు గడచిన పిమ్మట, 2006 డిసెంబరులో, కోలారు సెషన్సు న్యాయస్థానము నిందితులందరిని నిర్దోషులుగా విడిచిపెట్టినది. ఏలయన కంటితో చూచినామని మొదట చెప్పిన సాక్షులు బోనులో నిలిచి మాట మార్చిరి. 2014 ఆగస్టులో హైకోర్టును ఆ తీర్పునే స్థిరపరచినది.

మా పాఠకులు ఒక్క క్షణము నిలిచి ఆలోచింతురుగాక. ఏడుగురు మరణించుట నిజము. వారిని కాల్చినవారు కలరనుటయు నిజము. ఆ కాల్చినవారెవరో చట్టము ఎరుగదనుట మూడవ నిజము. ఈ మూడింటిని ఒకచోట చేర్చి చూచినప్పుడు కలుగు లజ్జ ఏ ఒక్క న్యాయమూర్తికి చెందినది కాదు. తనయెదుట లేని సాక్ష్యమును ఊహించి శిక్ష విధించు న్యాయస్థానమును మనము కోరము. కాని సాక్ష్యము ఎందులకు లేకపోయినది? ఏ పొలమున కూలికి పోవలెనో, ఏ వీధిన నడువవలెనో, ఆ పొలము గలవారిని, ఆ వీధివారిని వ్రేలు పెట్టి చూపుమని పేదవానిని ఆరేండ్లు నిలువబెట్టినచో వాని ధైర్యమెంతకాలము నిలుచును? వానికి కాపుగా నుండవలసినవారెవరు? ఈ ప్రశ్నలకు తీర్పులో చోటు లేదు. ఇవి సభలో అడుగవలసిన ప్రశ్నలు.

కృష్ణాతీరమునను ఇదియే కథ

ఇది కర్ణాటకమునకు ప్రత్యేకమైన దోషమని ఎంచుటకు వీలు లేదు. గుంటూరు మండలములోని చుండూరులో 1991 ఆగస్టు 6వ తేదీన ఎనిమిదిమంది దళితులు హతులైరి. బాధితులు పట్టుబట్టి పోరాడిన ఫలితముగా ఆ గ్రామములోనే ప్రత్యేక న్యాయస్థానము నెలకొల్పబడినది. అది దేశమునకు ఒక క్రొత్త మాదిరి. 2007 జూలై 31వ తేదీన ఆ న్యాయస్థానము 21 మందికి యావజ్జీవ కారాగారమును, 35 మందికి ఒక సంవత్సరము శిక్షను విధించినది. ఆ తీర్పు రావలెనన్నను పదునారు సంవత్సరములు పట్టెను. 2014 ఏప్రిల్ 22వ తేదీన హైకోర్టు శిక్షపడిన వారందరిని విడిచిపెట్టినది. నాలుగు మాసముల వ్యవధిలో రెండు హైకోర్టులు, తెలుగు పలుకు రెండు పల్లెలకు, ఒకే జవాబు చెప్పినవి.

విచిత్రమేమన, అదే సంవత్సరము జనవరి 7వ తేదీన సుప్రీముకోర్టు గుజరాతునుండి వచ్చిన ఒక అప్పీలులో ముఖ్యమైన ఉత్తరువు చేసినది. నిందితులు విడుదలైన ప్రతి కేసును రాష్ట్ర హోముశాఖలు పరిశీలింపవలెను. నేరపరిశోధనలో లోపమెచటనో, అభియోగము నడపుటలో లోపమెచటనో గుర్తింపవలెను. దోషులైన ఉద్యోగులపై శాఖాపరమైన చర్య తీసికొనవలెను. ఇందులకు ఆరు మాసములలో ఏర్పాటు చేయవలెను. న్యాయస్థానము తలుపు తెరచియుంచినది. ఆ తలుపులోనికి పోయి, చుండూరు విషయమున ఆ పరిశీలనలో ఏమి తేలినది, కంబాలపల్లి విషయమున ఏమి తేలినదని అడుగు అధికారము శాసనసభ్యునికి కలదు. ప్రశ్నోత్తరముల గంట ఇందులకు కాక మరి దేనికి?

చట్టము చెప్పినదేమి

విచారణ సంఘములకు ఆధారమైనది 1952వ సంవత్సరపు విచారణ సంఘముల చట్టము. సాక్షులను పిలిపించుట, పత్రములను తెప్పించుట, ప్రమాణముపై వాఙ్మూలము పుచ్చుకొనుట అను అధికారములు ఈ చట్టమువలన సంఘములకు లభించును. శిక్షించు అధికారము లేదు. సంఘము చెప్పినది సలహా మాత్రమే. కాబట్టి దాని బలమంతయు నివేదిక వెలుగులోనికి వచ్చుటయందే కలదు. ఈ సంగతి ఎరిగియే పార్లమెంటు 1971లో ఆ చట్టమును సవరించి, మూడవ సెక్షనులో నాలుగవ నిబంధన చేర్చినది. నివేదిక అందిన ఆరు మాసములలో దానిని, దానిపై తీసికొన్న చర్యల పట్టికతోకూడ, సభలయెదుట ఉంచవలెనని అది శాసించుచున్నది. మాట స్పష్టముగనే యున్నది. కాని ఉంచనిచో ఏమగునో అందులో లేదు. గడువు కలదు, గడువు మీరినవానికి దండన లేదు. అందువలన గడువు లేనట్లే అయినది.

దృష్టాంతములు దేశమెరిగినవే. అయోధ్యలోని మసీదు కూల్చివేతపై 1992 డిసెంబరులో నియమింపబడిన లిబర్‌హాన్ సంఘమునకు మొదట ఇచ్చిన గడువు మూడు మాసములు. 48 పర్యాయములు గడువు పొడిగించి, పదునారు సంవత్సరములకు పైబడిన కాలము గడచిన పిమ్మట, 2009 జూన్ 30వ తేదీన నివేదిక అందినది. పార్లమెంటు చేతికి రాకమునుపే అది పత్రికకెక్కినది. ఆ గగ్గోలు మీదట 2009 నవంబరు 24వ తేదీన సభలయెదుటికి వచ్చినది. గుజరాతులో 2002వ సంవత్సరపు దారుణములను విచారించిన నానావతి – మెహతా సంఘము తుది నివేదికను 2014 నవంబరులో ఇచ్చెను. అది శాసనసభకు వచ్చినది 2019 డిసెంబరులో. చట్టము విధించినది ఆరు మాసములు. పట్టినది ఐదు సంవత్సరములకు పైగా. హైకోర్టులో వ్యాజ్యము పడినపిదప గాని అది బయటికి రాలేదు. తమయెదుట ఉంచవలసిన నివేదిక ఏదని సభ్యులు నిలదీయుటకు బదులు, సభ హక్కును సభకు ఇప్పింపుడని ఒక వ్యక్తి న్యాయస్థానమునకు పోవలసివచ్చెను. సభల గౌరవమునకు ఇంతకంటె లోపమేమి కలదు?

అరచినది ఎప్పుడు, ఊరకుండినది ఎప్పుడు

మన తెలుగునాట ఇటీవలి ఉదాహరణమును చూతము. 2019 నవంబరు 27వ తేదీ రాత్రి హైదరాబాదు శివారున ఒక యువ పశువైద్యురాలు అత్యాచారమునకు గురియై హత్యచేయబడినది. డిసెంబరు 2వ తేదీన పార్లమెంటు ఉభయసభలు అట్టుడికిపోయినవి. దోషులను వీధిలో ప్రజలకు అప్పగింపవలెనని రాజ్యసభలోనే మాట వినబడినది. నాలుగు దినములకు, డిసెంబరు 6వ తేదీ వేకువన, పోలీసుల అదుపులోనున్న నలుగురు నిందితులు షాద్‌నగరు సమీపమున తుపాకి గుండ్లకు బలియైరి. పోలీసులపై పూలు చల్లినవారు కలరు. ఆ వారము దాటకముందే ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఇట్టి నేరములకు 21 దినములలో తీర్పు రావలెనని దిశ బిల్లును ఆమోదించినది. ఆ బిల్లు చట్టముగా అమలులోనికి రానేలేదు.

పోలీసు కాల్పులను విచారించుటకు సుప్రీముకోర్టు డిసెంబరు 12వ తేదీన జస్టిస్ సిర్పూర్కర్ అధ్యక్షతన సంఘమును నియమించినది. ఇచ్చిన గడువు ఆరు మాసములు. మహమ్మారి కారణమున కొంత, ఇతర కారణములచేత కొంత, మూడుమారులు గడువు పెరిగి, నివేదిక 2022 జనవరి 28వ తేదీన అందినది. దానిని సీలు వేసియే ఉంచవలెనన్న వాదమును త్రోసిపుచ్చి, మే 20వ తేదీన సుప్రీముకోర్టు ఆ నివేదికను బయటపెట్టించి, తదుపరి చర్యకై తెలంగాణ హైకోర్టునకు పంపినది. పోలీసులు చెప్పిన కథ నమ్మదగినది కాదని, చంపవలెనను ఉద్దేశముతోనే కాల్పులు జరిగినవని, నలుగురిలో ముగ్గురు మైనర్లని, పదిమంది పోలీసు ఉద్యోగులపై హత్యానేరము విచారింపవలెనని ఆ నివేదిక చెప్పినది.

ఆమెను చంపినవారిపై మాకు జాలి లేదు. కాని వారు ఆ నలుగురేనా, అందరునా, కొందరా అను సంగతి తేల్చు న్యాయస్థానమును ఆ వేకువ కాల్పులు శాశ్వతముగా మూసివేసినవి. మృతురాలి తల్లిదండ్రులకు లభించినది తీర్పు కాదు, వార్త. 2019 డిసెంబరులో సభలలో వినబడిన కంఠములలో నాల్గవ వంతయినను 2022 మేలో వినబడియుండినచో, పోలీసుస్టేషనులు, నేరపరిశోధన, నిందితుల రక్షణ అను విషయములపై మన చట్టసభలు కొంత మేలు చేసియుండెడివి. ఘోరము జరిగిన నాడు అరచుట ప్రతినిధిత్వము కాదు. నివేదిక వచ్చిన నాడు దానిని చదివి అడుగుటయే ప్రతినిధిత్వము.

వేగమొక్కటియే చాలునా?

ఆలస్యము తప్పనిసరి కాదనుటకు బెంగుళూరే సాక్షి. 2025 జూన్ 4వ తేదీన చిన్నస్వామి క్రీడారంగము వెలుపల తొక్కిసలాటలో 11 మంది మరణించిరి. మరునాడే నియమింపబడిన జస్టిస్ మైకేల్ డి కున్హా సంఘమునకు ఒక మాసము గడువీయగా, జూలై 11వ తేదీన నివేదిక వచ్చినది. ఆ మాసములోనే మంత్రివర్గము దానిని స్వీకరించినది. సంకల్పమున్నచోట మాసములు చాలుననుట రుజువైనది.

అయినను వేగమే సర్వస్వమని మేము చెప్పము. ఉత్తర ఐర్లండులోని డెర్రీ నగరమున 1972 జనవరి 30వ తేదీన బ్రిటిషు సైనికులు ఊరేగింపుపై కాల్పులు జరుపగా ఆనాడే 13 మంది హతులైరి. ప్రధాన న్యాయమూర్తి విడ్జరీ పదునొకండు వారములలో విచారణ ముగించి సైనికులను చాలవరకు సమర్థించెను. ఆ తొందరపాటు నివేదికను సరిదిద్దుటకు 1998లో మరల సావిల్ సంఘమును నియమింపవలసివచ్చెను. అది పండ్రెండేండ్లు పనిచేసినది. కాని 2010 జూన్ 15వ తేదీన నివేదిక వెలువడిన ఆ దినముననే ప్రధానమంత్రి కామన్సు సభలో నిలిచి, జరిగినది అన్యాయమని ఒప్పుకొని క్షమాపణ చెప్పెను. ఆ నివేదిక ఏ బీరువాలోను ఐదేండ్లు నిద్రింపలేదు. అచటిదే తపాలా కార్యాలయముల కథ. లెక్కల యంత్రముయొక్క తప్పును మనుష్యుల దొంగతనముగా ఎంచి వందలకొలది ఉపతపాలా అధికారులను శిక్షించిరి. ప్రజాగ్రహము ముదిరిన మీదట 2024 మేలో పార్లమెంటే శాసనము చేసి ఆ శిక్షలను రద్దుపరచినది. కంప్యూటరు చెప్పినదే వేదమనుకొన్న న్యాయస్థానముల తప్పును సభ దిద్దినది. యంత్రములతో పనిచేయు హూడి తెలుగువారు ఈ ఉదంతమును ప్రత్యేకముగా గమనింపదగును.

ఆ బ్రిటిషువారే మనయెడల వేరుగా ప్రవర్తించిరి. 1919 ఏప్రిల్ 13వ తేదీన జలియనువాలాబాగు హత్యాకాండ జరుగగా, హంటరు సంఘము అక్టోబరులో గాని ఏర్పడలేదు. దానికి ముందే, సెప్టెంబరులో, ఉద్యోగులను కాపాడు శాసనము ఇచటి శాసనసభలో ప్రవేశపెట్టి నెగ్గించుకొనిరి. మొదట రక్షణ, తరువాత విచారణ. పరాయి ప్రభుత్వమునకు అది సహజము. మన ప్రభుత్వములకు ఆ అలవాటు తగదు.

సభ్యులు చెప్పు సాకులు

విషయము న్యాయస్థానమున ఉన్నది, మేము మాటాడరాదు అనుట సభలలో తరచుగా వినబడు సమాధానము. రాజ్యాంగములోని 121వ, 211వ అధికరణములు న్యాయమూర్తుల నడవడిని గూర్చి సభలు చర్చింపరాదని నిషేధించుట నిజమే. ఆ నిషేధము మంచిదే. నడచుచున్న వ్యాజ్యములో ఎవరు దోషులని సభ తేల్చరాదనుటయు న్యాయమే. కాని సాక్షికి రక్షణ కలదా, అభియోగము నడపు వకీలును సకాలములో నియమించితిరా, పరిశోధించిన ఉద్యోగి ఎన్నిమారులు బదిలీయయ్యెను, న్యాయాధిపతి పదవులు ఎన్ని ఖాళీగా ఉన్నవి అను ప్రశ్నలలో ఏ తీర్పునకు భంగము కలుగును? ఇవన్నియు ధనము కేటాయించు సభకు సంబంధించినవే.

1987లో లా కమిషను తన 120వ నివేదికలో పదిలక్షల జనమునకు 50 మంది న్యాయాధిపతులుండవలెనని చెప్పినది. 2002లో సుప్రీముకోర్టు అదే మాట నొక్కిచెప్పినది. ఇటీవల ప్రభుత్వము పార్లమెంటునకు చెప్పిన లెక్క 21 మంది మాత్రమే. 2023లో దేశమందలి న్యాయస్థానములన్నింట అపరిష్కృత వ్యాజ్యములు ఐదు కోట్లు దాటినవి. 2022 చివర కారాగారములలోనున్న 5,73,220 మందిలో 4,34,302 మంది శిక్షపడినవారు కారు, విచారణకై వేచియున్నవారు. ఆలస్యము నేరస్థునికి వరము, నిర్దోషికి శిక్ష అనుటకు ఇంతకంటె వేరు నిదర్శనమేల? పార్లమెంటు స్థాయీసంఘము 2023 ఆగస్టులో సమర్పించిన 133వ నివేదికలో న్యాయవిధానపు సంస్కరణములను గూర్చి మర్యాద తప్పకనే లోతుగా పరిశీలించినది. అట్లు చేయవచ్చుననుటకు అదియే తార్కాణము. అట్టి స్థాయీసంఘము ప్రతి శాసనసభకును ఉండిన మేలుగదా!

చేయవలసినదేమి

మేము అసాధ్యములను కోరము. విచారణ సంఘమునకు గడువు పొడిగించునప్పుడెల్ల కారణమును సభయెదుట వ్రాతమూలకముగా ఉంచవలెను. నివేదిక అందిన ఆరు మాసములలో మంత్రి దానిని సమర్పింపనిచో, ఏడవ మాసమున అది తనంతట తానే ప్రకటితమగునట్లు చట్టమును సవరింపవలెను. లోకసభలో మంత్రులిచ్చిన హామీలను వెంబడించు సంఘము 1953 నుండి కలదు. హామీని మూడు మాసములలో నెరవేర్పవలెనని నియమమును కలదు. విచారణ నివేదికలపై ఒప్పుకొన్న చర్యలనుకూడ అట్లే సంవత్సరమునకొకమారు లెక్క అడుగు సంఘము ప్రతి సభకును కావలెను. సాక్షుల రక్షణ పథకమును 2018 డిసెంబరులో సుప్రీముకోర్టు అంగీకరించి దేశమంతట అమలుపరుపుమన్నది. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన క్రొత్త శిక్షాస్మృతి ప్రక్రియాచట్టములోను రాష్ట్రములు అట్టి పథకమును ప్రకటింపవలెనని కలదు. ఎందరు సాక్షులకు రక్షణ లభించినదో, ఎంత ధనము వెచ్చించిరో బడ్జెటు సమావేశములలో అడుగవలెను. కంబాలపల్లి సాక్షులకు ఆనాడు అది లేదు. రేపటి సాక్షికైన ఉండవలెను.

ఇక మా పాఠకులకొక మాట. మీ కార్యాలయములలో యంత్రము ఒక గంట నిలిచిపోయిన, మరునాటికే కారణమేమి, బాధ్యుడెవరు, మరల జరుగకుండ ఏమి చేయుదురు, ఎప్పటిలోగా చేయుదురు అని వ్రాసి సంతకము పెట్టుదురు. ఆ వ్రాతను దాచుకొన్నవానిని ఉద్యోగమున నిలుపరు. ఏడుగురు మనుష్యులు కాలిపోయినచోట, ఎనిమిదిమంది హతులైనచోట, ఆపాటి లెక్కయైనను అడుగకుండుట ఏమి ధర్మము? మీలో కొందరి ఓటు మహదేవపురములో కలదు, కొందరిది అనంతపురములో, గుంటూరులో, హైదరాబాదులో కలదు. ఎచటనున్నను మీ ప్రతినిధికొక ఉత్తరము వ్రాయవచ్చును. ఏ నివేదిక ఎన్నడు అందినది, ఎన్నడు సభకు వచ్చినది, దానిపై ఏమి చేసిరి అను మూడు ప్రశ్నలు చాలును. సమాచారహక్కు చట్టము 2005 నుండి మీ చేతిలోనున్నది. పది రూపాయలతో ఆ ప్రశ్నలను ప్రభుత్వమునే అడుగవచ్చును.

విధానసౌధ ముఖద్వారముపై ప్రభుత్వపు పని దేవుని పనియని చెక్కబడియున్నది. దేవుని పనిలో గడువు మీరుట లేదో, దాచుట లేదో మేమెరుగము. ప్రభుత్వపు పనిలో ఆ రెండును కలవని మాత్రము ఎరుగుదుము. వానిని మాన్పించుట సభ్యుల విధి. సభ్యులచేత ఆ విధి నెరవేర్పించుట మన విధి.